కొత్త సంచి బరువు

పోయిన వారం మనం చిన్న నర్సును ఆరోగ్య కేంద్రం వరండాలో నోట మాట రాకుండా నిలబెట్టి వచ్చాం. ఆ వరండా దూలానికి ఒక తూకం వేలాడుతూ ఉంటుంది. గడియారం లాంటి గుండ్రటి ముఖం, ఒక ముల్లు, కింద ఒక కొక్కెం. పసిపిల్లకు నిక్కరు లాంటి గుడ్డ సంచి తొడిగి కొక్కేనికి తగిలిస్తే ముల్లు తిరిగి బరువు చెబుతుంది. తూకాలు సరిచేసే మెకానిక్ ఎప్పటిలాగే వచ్చాడు, టీ తాగాడు, నూనె చుక్క వేశాడు. పోయే ముందు ఎందుకో ఖాళీ సంచిని కొక్కేనికి తగిలించాడు. ముల్లు సున్నా మీద నిలబడాలి. అది సున్నాను దాటుకుని నాలుగు వందల గ్రాముల దగ్గరికి వెళ్లి, అక్కడే తన ఊరన్నట్టు కూర్చుంది.

ఆ సంచి చిన్న నర్సు కుట్టిందే. కొత్త కాపురానికి కిటికీ తెరలు కుట్టగా మిగిలిన గుడ్డ. పసుపు రంగు మీద చిన్న చిన్న తెల్ల బాతులు. పాత సంచి పల్చబడి, అంచులు పిల్లల తొడలకు ఒరుసుకునేవి. అందుకని కొత్తదానికి లోపల దూది పొరలు వేసింది. అంచులకు కుచ్చు పెట్టింది. హార్డ్‌వేర్ దుకాణంలో పనిచేసే మొగుడు నాలుగు ఇత్తడి రింగులు తెచ్చి, "మా దుకాణం తరఫున చదివింపులు" అంటే, నవ్వుకుంటూ నాలుగు మూలలా కుట్టేసింది. పెళ్లై నెల తిరగని రోజులవి. ఏ పని చేసినా పాటలాగే ఉండేది. పిల్లలు బాతుల్ని పీక్కుంటూ ఏడుపు మరిచిపోయేవారు. తల్లులు ఫొటోలు తీసుకున్నారు. ఒకరిని మెచ్చుకోవడమంటే పన్ను పీకించుకున్నంత బాధపడే పెద్ద నర్సు కూడా "బాగానే ఉంది" అంది.

సున్నా మాత్రం ఎవరూ సరిచెయ్యలేదు. ఖాళీ సంచిని తగిలించి చూసే అలవాటు ఆ కేంద్రంలో లేదు మరి. గాల్లో ఊగే సంచిలోకి దించితే పిల్లలు గోల పెడతారని, తల్లి ఒళ్లో ఉండగానే సంచి తొడిగి, పిల్లతో సహా ఎత్తి తగిలిస్తారు. పిల్లల్ని బెదరగొట్టకూడదని పెట్టుకున్న ముద్దైన పద్ధతి అది. ఆ ముద్దు వెనకాల నాలుగు వందల గ్రాములు మూడు నెలల పాటు దాక్కున్నాయి.

అరవై ఒక్కమంది పిల్లలు. నిన్న సాయంత్రం చిన్న నర్సు రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్క బరువులోంచీ నాలుగు వందలు తీసేస్తూ పోయింది. పిల్లల బరువు కార్డుల లెక్కన యాభై ఏడుగురు అంత తీసినా ఆకుపచ్చ గీతల మధ్యే ఉన్నారు. ముగ్గురు అంచుకు జారారు. ఒక్క పాప మాత్రం పసుపు పట్టీలోకి పడిపోయింది. ఎరుపుకి వేలెడు దూరం. ఆ పాపే ఈ నెల తూకానికి రాలేదు.

కేంద్రంలో అందరూ ఆ పాపను పిచ్చుక అంటారు. ఎనిమిదో నెల.

"పై నుంచి కాగితం వచ్చేదాకా ఎవరి కార్డు మీదా కలం పెట్టొద్దు. మనం ఒకటి రాస్తే వాళ్లు పది అడుగుతారు," అంది పొద్దున్నే పెద్ద నర్సు.

"కార్డు మీద పెట్టను పెద్దక్కా. ఒక్క ఇంటికి వెళ్లొస్తాను."

"తూకం దింపుతున్నావేం మరి?"

చిన్న నర్సు తూకం తాడు విప్పుతూనే ఉంది. పెద్ద నర్సు కళ్లజోడు తీసి పైట చెంగుతో తుడవడం మొదలుపెట్టింది. "కళ్లజోడు లేకపోతే నాకు మూరెడు దూరంలో ఏదీ కనపడదు. తొందరగా తెమిలిపో."

స్కూటర్ మీద మొగుడి వెనక కూర్చుంది, ఒళ్లో తూకం, భుజానికి రెండు సంచులు, పాతదీ కొత్తదీ. రోజూ అయితే ఆ పది నిమిషాల ప్రయాణం ఆమెకు పండగే. మలుపు దగ్గర కావాలనే కాస్త ఎక్కువ వాలిపోతాడు, ఆమె కావాలనే గట్టిగా పట్టుకుంటుంది. ఇవాళ మలుపులన్నీ తిన్నగా తిప్పాడు.

"అందరికీ పొరపాట్లు అవుతాయోయ్," అన్నాడు.

"మీ దుకాణంలో అయితే బోల్టు వెనక్కి తీసుకుంటారు."

అతను స్కూటర్ ఆపి, కిందే ఉంటానన్నాడు.

పిచ్చుక వాళ్లుండేది బట్టలుతికే కంపెనీ వెనక వీధిలో, రెండో అంతస్తులో ఒకే గది. వీధంతా సబ్బు ఆవిరి వాసన. మెట్లు ఎక్కుతుంటే గోడ వెచ్చగా చేతికి తగిలింది, అవతల యంత్రాలు తిరుగుతున్నాయి కాబోలు. పిచ్చుక తల్లి అక్కడే దుప్పట్లు ఇస్త్రీ చేసే యంత్రం దగ్గర మధ్యాహ్నం పూట పనిచేస్తుంది. పనికి వెళ్లాక పాపను చూసుకునేది నాయనమ్మ. తండ్రి లారీ మీద తిరుగుతాడు, వారానికో రోజు కనిపిస్తాడు.

తలుపు తీసింది నాయనమ్మే. "రా తల్లీ. నువ్వే వస్తావని అనుకోలేదు."

గోడకు, అద్దం పక్కన, పిచ్చుక కార్డు మేకుకు వేలాడుతోంది. చిన్న నర్సు చూపు తిన్నగా దాని మీదికే పోయింది. ఆకుపచ్చ పట్టీలో వరుసగా నీలం చుక్కలు. చివరి మూడు చుక్కల పక్కన మూడు బుల్లి నక్షత్రాలు. అవి తనే వేసింది. ఆ నెలల్లో ఆమెకు ఏది కనపడితే దాని పక్కన నక్షత్రం వెయ్యాలనిపించేది.

పాప చాప మీద పడుకుని ఉంది. చిన్న నర్సు వంగగానే గుర్తుపట్టినట్టు ఒక పక్కగా నవ్వింది. కింద రెండు పళ్లు మొలిచాయి, బియ్యపు గింజల్లా. ఆ రెండు పళ్లను చూసి చిన్న నర్సుకు, అన్నీ మరిచిపోయి, ఒక్క క్షణం ఒళ్లంతా సంతోషమైంది. తర్వాత పాప చెయ్యి పట్టుకుంది. సంతోషం ఆ చేతి దగ్గరే ఆగిపోయింది.

"పది రోజులు విరేచనాలయ్యాయి," అంది తల్లి, వంటగట్టు దగ్గర నుంచే. "తగ్గిపోయాయి. అందుకే ఈ నెల తూకానికి తేలేదు. ఇప్పుడు బాగానే ఉంది."

"ఏం బాగు? మూడో నెలలో కుట్టిన గౌను. ఇంకా వదులే," అంది నాయనమ్మ.

"అత్తయ్యా, మళ్లీ మొదలెట్టకండి. సిస్టర్ మూడుసార్లు చెప్పారుగా మీకు."

చెప్పింది. మూడుసార్లూ చెప్పింది. ప్రతి నెలా నాయనమ్మ పాపను ఒళ్లో పెట్టుకుని, "ఎత్తుకుంటే బరువు తెలియడం లేదు తల్లీ, గాలి ఎత్తుకున్నట్టుంది," అనేది. చిన్న నర్సు ప్రతిసారీ కార్డు తిప్పి చూపించేది. "మీ చేతులు అరవై ఏళ్లవి అమ్మమ్మా, మా తూకం నిరుడు కొన్నది. దేన్ని నమ్ముదాం చెప్పండి?" చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నాయనమ్మ కూడా నవ్వింది, మిగతావాళ్ల కంటే కాస్త ఆలస్యంగా.

"అమ్మా, నువ్వు ఇలా వచ్చి కూర్చో," అంది చిన్న నర్సు తల్లితో. "ఒక మాట చెప్పాలి."

"పన్నెండింటికి పనికెళ్లాలి సిస్టర్. చెప్పండి, వింటున్నా."

దారి పొడుగునా కూర్చుకున్న మాటలు ఒక్కటీ సమయానికి రాలేదు. అందుకని చేతులతోనే చెప్పింది. గది మధ్య ఉయ్యాల కొక్కేనికి తూకం తగిలించింది. పాత సంచి వేసి, మర తిప్పి, ముల్లును సున్నా మీదికి తెచ్చింది. "ఉప్పు ప్యాకెట్ ఉందా? కొత్తది, విప్పనిది." తల్లి విసుగ్గా తెచ్చి తనే సంచిలో వేసింది. ముల్లు కిలో మీద ఆగింది. చిన్న నర్సు పాత సంచి తీసి బాతుల సంచి తగిలించి, అదే ప్యాకెట్ అందులో పెట్టింది. ఒక కిలో నాలుగు వందలు.

బాతుల సంచి మెల్లగా ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగింది.

"ఉప్పు పెరగలేదు," అంది చిన్న నర్సు. "సంచి బరువు. మూడు నెలల నుంచీ సంచి బరువు కలిపి పాప బరువని రాశాం. నేనే రాశాను."

తల్లి తూకం వైపు చూడలేదు. గోడ మీది కార్డు వైపు చూసింది. "అంటే?"

"ఇప్పుడొకసారి తూద్దాం."

పాత సంచిలో పిచ్చుకను కూర్చోబెట్టి, సున్నా మరోసారి చూసి, తగిలించారు. పాప ఏడవలేదు. కాళ్లు వేలాడేసి ముగ్గురినీ వంతులవారీగా చూసింది. అయిదు కిలోల రెండు వందలు. చిన్న నర్సు మనసులో లెక్క కట్టాల్సిన పని కూడా లేదు. ఎనిమిదో నెల గళ్లలో అయిదున్నర కిందకు వస్తే ఎరుపే.

"పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఇవాళే," అంది. "మా డాక్టరు మంగళవారం కానీ రారు. అంతవరకూ ఆగకూడదు."

"పోయిన నెల ఆరు కిలోల వంద. మీరే రాశారు."

"తప్పు రాశానమ్మా."

"ఇప్పుడు రైటని ఏంటి నమ్మకం?" తల్లి గొంతు పెద్దది కాలేదు, గట్టిపడింది. "తూకం తప్పన్నారు. అదే తూకం మోసుకొచ్చి తూచారు. ఆ నెల మీ మాట విని అత్తయ్య నోరు మూయించాను. ఈ నెల మీ మాటే విని ఆసుపత్రికి పరిగెత్తాలి. వచ్చే నెల ఇంకో సంచి తెచ్చి, అబ్బే, అది కూడా తప్పంటే?"

చిన్న నర్సు చదువుకున్న మూడేళ్లలో అన్ని జబ్బులకూ ఏం చెప్పాలో నేర్పారు. నమ్మకం చేజారిన తల్లికి ఏం చెప్పాలో ఏ పుస్తకంలోనూ లేదు. నాయనమ్మ వైపు చూసింది, ఆవిడైనా ఓ మాట సాయం వేస్తుందేమోనని. ఆవిడ పాపను సంచిలోంచి తీసి భుజాన వేసుకుని వీపు నిమురుతోంది. ఆ చేతికి తూకం ఏం చెప్పిందో కొత్తగా తెలియాల్సిన పని లేదు.

పిచ్చుక సన్నగా మూలిగింది. తల్లి చటుక్కున లేచి గట్టు మీంచి సీసా అందుకుంది. మధ్యాహ్నానికని కలిపి వరుసగా పెట్టిన మూడు సీసాల్లో ఒకటి. నాయనమ్మకు అందిస్తుంటే కిటికీ వెలుతురు దాని మీద పడింది.

చిన్న నర్సు ఆ సీసా వైపే చూస్తూ ఉండిపోయింది. పాలలోంచి కిటికీ ఊచలు కనిపిస్తున్నాయి.

"ఎన్ని చెంచాలు వేస్తున్నావమ్మా?"

తల్లి చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఈ సీసాకి ఆరు చెంచాల పొడి పడాలి," అంది చిన్న నర్సు, వీలైనంత మెత్తగా. "ఎన్ని వేస్తున్నావు?"

"సీసాలు తనే కలిపి వెళుతుంది," అంది నాయనమ్మ. "నేను వెచ్చబెట్టి పట్టడమే. నాకు ఆ డబ్బా లెక్కలు తెలియవు."

"మూడు," అంది తల్లి.

యంత్రాల చప్పుడు గోడ అవతల నుంచి వినిపిస్తోంది.

"నేను మళ్లీ పనిలో చేరినప్పుడు డబ్బా పాలు మొదలెట్టాం కదా. పాపకు మలబద్ధకం పట్టుకుంది. ముక్కీ ముక్కీ మొహం ఎర్రగా చేసుకునేది, చూడలేకపోయేదాన్ని. కంపెనీలో ఒకావిడ, పొడి ఎక్కువైతే పొట్ట గట్టిపడుతుంది, సగం వెయ్యి అంది. భయపడుతూనే సగం వేశాను. పొట్ట తేలికైంది. అయినా భయమే. అందుకే ఆ నెల అందరికంటే ముందొచ్చి మీ వరండాలో కూర్చున్నాను. బరువు తగ్గితే వెంటనే పాత లెక్కకు వచ్చేద్దామని." ఊపిరి పీల్చుకుంది. "మూడు వందల గ్రాములు పెరిగిందన్నారు."

అయిదో నెల. చిన్న నర్సుకు ఆ రోజు బాగా గుర్తుంది. కొత్త సంచి వాడిన మొదటి రోజు. అంతకుముందు నెల అయిదు కిలోల నాలుగు వందలున్న పాప, ఆ రోజు అయిదు కిలోల ఏడు వందలు. చప్పట్లు కొట్టింది. నిజానికి ఆ నెల పాప వంద గ్రాములు తగ్గింది. తగ్గిన పాపకు చప్పట్లు కొట్టింది.

"మిమ్మల్ని అడిగాను కూడా," అంది తల్లి. "ఇప్పుడు పోస్తున్నట్టే పోయొచ్చా సిస్టర్ అని."

అడిగింది. సంచి అంచు కుచ్చు సర్దుతూ చిన్న నర్సు జవాబిచ్చింది, "నిక్షేపంగా. ఏం చేస్తున్నావో అదే చెయ్యి," అని. ఏం చేస్తున్నావని మాత్రం అడగలేదు. అడగడానికి అరనిమిషం పట్టేది. ఆ అరనిమిషంలో నక్షత్రం వేసింది.

ఇప్పుడు ఆ తల్లి ఎందుకు తూకాన్ని నమ్మనంటోందో అర్థమైంది. నర్సు చెప్పింది నిజమైతే, మూడు నెలలుగా బిడ్డను తన చేత్తోనే మాడ్చిందన్నమాట. ఏ తల్లి మాత్రం అంత తేలిగ్గా సరేనంటుంది?

"నీ తప్పు కాదమ్మా," అంది.

"నాది కాదంటే మీది. మీది కాదంటే సంచిది." తల్లి చేతిలోని సీసాను గట్టు మీద పెట్టింది, పగులుతుందేమోనన్నంత నెమ్మదిగా. "పాపకు ఎవరిదైతే ఏంటి?"

అని, నాయనమ్మ వైపు తిరిగి నిలబడింది. దెప్పుతుందని. మూడు నెలలుగా తన నోరు నొక్కిన కోడలిని అత్త ఇప్పుడు ఒక్క మాటైనా అనకుండా ఎందుకు ఊరుకుంటుంది? చిన్న నర్సు కూడా తల దించుకుంది. ఆ మాటలో తన వాటా తను పుచ్చుకోవాలి కదా.

"అలా నిలబడతావేమే? దానికి రెండు జతల గుడ్డలు సర్దు," అంది నాయనమ్మ. "తువ్వాలు కూడా. ఆసుపత్రిలో చలి."

తల్లి కదిలింది. సంచిలో గౌన్లు కుక్కింది, కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి. చిన్న నర్సు డబ్బా అందుకుని, దాని మీద రాసిన కొలతతో, గీత సరిచూసి, ఆరు చెంచాల పొడితో పాలు కలిపింది. "కొంచెం కొంచెంగా పట్టండి అమ్మమ్మా. ఒక్కసారే వద్దు." పిచ్చుక రెండు చేతులతో సీసాను పట్టుకోబోయింది. నాలుగు గుటకలు వేసి, అలిసిపోయి, సీసా వదిలేసి కళ్లు మూసుకుంది. ఎదురుగా పాలు ఉన్నాయి. తాగే ఓపిక లేదు. చూస్తూ నిలబడటం తప్ప చిన్న నర్సు చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది.

గోడ మీంచి కార్డు తీసింది. పెద్దాసుపత్రిలో మొదట అడిగేది ఇదే. ఆకుపచ్చ చుక్కలు చూసి, బాగానే ఉందిగా, రేపు రండి అని వెనక్కి పంపినా పంపుతారు. కలం తీసింది. పై నుంచి కాగితం రావాలన్న మాట చెవిలో ఉండగానే మూడు చుక్కల్ని కొట్టేసింది, నక్షత్రాలతో సహా. కింద అసలు చుక్కలు పెట్టింది. ఇవాళ్టి చుక్క ఎరుపులో పెట్టి, పక్కన తారీఖు వేసి, సంతకం చేసింది. పెళ్లయ్యాక మారిన ఇంటిపేరుతో సంతకం చేసినప్పుడల్లా ఆమెకు లోలోపల గిలిగింత పెట్టేది. ఇవాళ ఆ పేరు ఇంకెవరిదో అయితే బాగుండుననిపించింది.

"మా ఆయన కింద స్కూటర్‌తో ఉన్నారు. పాపనూ నాయనమ్మనూ తీసుకెళతారు. మనిద్దరం వెనకాలే బస్సులో వెళదాం. నేనూ వస్తాను."

నాయనమ్మ కార్డును జాకెట్లో దోపుకుని, పాపను తువ్వాల్లో చుట్టి, ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగిపోయింది. కాసేపటికి స్కూటర్ చప్పుడు వినిపించి, వీధి మలుపులో సన్నబడి, యంత్రాల హోరులో కలిసిపోయింది.

తల్లి తలుపుకు తాళం వెయ్యబోయి ఆగింది. తాళం చెవి చేతిలోనే ఉంది.

"సిస్టర్."

"పద అమ్మా, బస్సు పోతుంది."

"కంపెనీలో నాతో పనిచేసేవాళ్లు ముగ్గురున్నారు, పసిపిల్లల తల్లులు. వాళ్ల పిల్లలకూ పొట్ట గట్టిపడుతోందని అన్నారు. కార్డు తీసుకెళ్లి చూపించాను. చూడండి, సగం పొడితో మా పాప ఎలా పెరుగుతోందో అని."

చిన్న నర్సు మెట్ల మీద అడుగు వెయ్యలేకపోయింది. గోడ వెచ్చదనం భుజానికి తగులుతోంది. రిజిస్టరులోని అరవై ఒక్క పేర్లూ కళ్ల ముందు గిర్రున తిరిగాయి.

"వాళ్లు మా కేంద్రానికి వస్తారా?"

"రారు. దూరం. తూకం వేయించరు కూడా." తల్లి తాళం చెవిని పిడికిట్లో బిగించింది. "అందులో ఒకావిడ బాబుకు ఇంకా రెండు నెలలు నిండలేదు. నిన్న అడిగింది నన్ను. సగానికి బాగానే ఉన్నాడు, పావు వేస్తే చాలదా అని."

"నువ్వేమన్నావు?"

"చాలొచ్చేమో అన్నాను."

కింద వీధిలో బస్సు వచ్చి ఆగిన చప్పుడైంది. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.

"ఆవిడ ఇల్లెక్కడ?"

"తెలియదు సిస్టర్," అంది తల్లి. "పని దగ్గర పలకరింపే. పొద్దున్నే కంపెనీ నుంచి కబురొచ్చింది, ఇవాళ ఆవిడ పనికి రావడం లేదని."